నీళ్ళ కింద మా అయ్య పని

వేసవిలో కాలువకి నీళ్ళు కట్టేసిన రెండు మూడు రోజులకి మా బడి కిటికీలోంచి ఒండ్రు వాసన వస్తుంది. చచ్చిన నత్తలూ, కుళ్ళిన నాచూ, ఎండకి నెర్రెలు విచ్చే బురదా కలిసిన ఆ వాసనకి తోటి పంతులమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటుంది. నేను మాత్రం గుండెనిండా పీల్చుకుంటాను.

గోదారి మీద ఆనకట్ట కట్టిన కొత్తలో, మా కోనసీమకి కాలువ తవ్వుతున్నప్పుడు, నేను చిన్నపిల్లని. మా అయ్య పార పట్టేవాడు, అమ్మ తట్టలు మోసేది, నేను తోటి పిల్లలతో బురదగుంటల్లో పీతల కోసం చెయ్యి పెట్టి కరిపించుకునేదాన్ని. పొద్దున్నే తరవాణి అన్నం, నంజుకోవడానికి ఉల్లిపాయ, చలికాలమైతే తంపటి వేసిన తేగలు, ఎండాకాలమైతే ముంజెలు, ఎవరో దయతలచి ఇచ్చిన పనసతొనలు. ఇంతకు మించిన వైభోగం ఉంటుందని మాకు తెలియదు. మా పేట వంపు దగ్గర ముక్కని మేస్త్రీ మా అయ్యకి అప్పగించాడు. మిగతావాళ్ళు మట్టి ఎత్తిపోస్తే చాలనుకునేవాళ్ళు. ఈయన గట్టు వాలుని పారతో చెక్కి, తడిచేత్తో రాసి, అలికిన అరుగంత నున్నగా చేసేవాడు. "దీన్లోకి నీళ్ళొస్తే నా జన్మకి చాలే" అనేవాడు అమ్మతో.

నీళ్ళొచ్చాయి. డప్పులు మోగాయి, ఆడవాళ్ళు పసుపూ కుంకుమా చల్లారు, ఎర్రటి నీరు నురగలు కక్కుతూ వంపు తిరుగుతుంటే అయ్య నన్ను భుజమ్మీద ఎక్కించుకుని కేకలు పెట్టాడు. మర్నాటి నుంచీ మాట లేదు. పార చూరులో దోపేశాడు. పొలం పనికి రమ్మని కబురొచ్చినా కదల్లేదు, తిండి సయించలేదు, రోజంతా గట్టుమీద కూర్చుని నీళ్ళకేసి చూసేవాడు. దారిన పోయేవాళ్ళు "కాలవకి కాపలా పెట్టేరేట్రా నిన్ను" అని నవ్వేవాళ్ళు. అమ్మ ఒక్కదాని కూలితోనే పొయ్యి వెలిగేది. అయినా ఆవిడ కసరలేదు. ఓ సాయంత్రం ముంతతో అన్నం పట్టుకెళ్ళి ఆయన పక్కన చతికిలబడింది.

"నీళ్ళొచ్చేయి గదా, ఇంకేటయ్యా నీ బెంగ?"

"నేను తవ్విందంతా మునిగిపోయిందే. ఇంకెవరికి కనపడతాది?"

అమ్మ ముంత ఆయన ముందుకి జరిపి, చీకటిపడేదాకా పక్కనే కూర్చుంది. అయ్య ఇలాగే చిక్కి చచ్చిపోతాడేమోనని నాకు భయం వేసేది.

వేసవి వచ్చింది, మొదటిసారి కాలువ కట్టేశారు. నీళ్ళు తీసేసరికి వంపు నిండా మోకాలి లోతు ఒండ్రు. నున్నటి వాలు కాస్తా జారి కూలబడి ఉంది. అయ్య కుదేలైపోతాడని అమ్మ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన విదిలించుకుని, గోచీ బిగించి అందులోకి దూకేశాడు.

"చూసేవంటే! ఒక్క ఏడాది ఒగ్గేస్తే ఎలా తగలడిందో చూసేవా!" అని కాలువని, పెంకిపిల్లని తిట్టినట్టు తిట్టాడు. "అలా నించున్నావేటే, తట్ట తే!"

"ఆయ్, తెస్తానండీ మేస్త్రీగారూ" అంది అమ్మ, ఏడుస్తూ నవ్వుతూ. ఆ పూట అయ్య మారు అడిగి మరీ తిన్నాడు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ ఏటా వేసవిలో ఆ వంపులోకి దిగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు అయ్యా లేడు, అమ్మా లేదు. వాళ్ళతో పనిచేసిన ముఠాలో ఒక్కరూ మిగల్లేదు. కాలువ లేని మా ఊరిని చూసినదాన్ని నేనొక్కదాన్నేనేమో. మొన్న బడిలో "ఈ కాలువ మనవాళ్ళు తవ్వారర్రా" అంటే ముందు వరసలో పిల్ల కిసుక్కున నవ్వింది.

"ఊరుకోండమ్మగారూ, కాలవెవరేనా తవ్వుతారేటండీ? గోదారి దానంతటదే వచ్చిందండీ."

దిద్దబోయి ఆగిపోయాను. గోదారే వచ్చిందని పిల్లలు నమ్మేటట్టు తవ్వాడు మా అయ్య. ఆ మాట ఆయన చెవిన పడలేదే అని ఆ రోజంతా నాకు ఏడుపు ఆగలేదు.