దిగువ లంక కొట్టిన సున్నా

ఆ రోజుల్లో సెల్‌ఫోన్ ఉన్నవాళ్ళు దాన్ని చొక్కా జేబులోంచి సగం బయటికి కనబడేలా పెట్టుకు తిరిగేవారు. మెసేజ్ వస్తే ముందు తాము చదువుకుని, తర్వాత పక్కవాళ్ళకి చదివి వినిపించి, ఆ పూటంతా దాని గురించే చెప్పుకునేవారు. అలాంటి కాలంలో నేను డిగ్రీ అయ్యి, ఆర్నెల్ల కంప్యూటర్ కోర్సు కూడా పూర్తి చేసి, ఇక నాకు రాని విద్యంటూ లేదన్న నమ్మకంతో రాజమండ్రిలో మా మేనత్త దగ్గర చేరాను. అత్త హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై ఓ చిన్న సేవా సంఘం నడిపేది. రెండు గదులు, ఒక టెలిఫోను, దుమ్ము పడకుండా పూల దుప్పటి కప్పిన ఒక కంప్యూటరు. అంతే సంఘమంటే. (ఆ దుప్పటి తీసే హక్కు నాకొక్కదానికే ఉండేది. రోజూ ఆ పని నేనెంత దర్జాగా చేసేదాన్నో ఇప్పుడు చెప్పాలంటే సిగ్గేస్తుంది.)

ఆ ఏడు గోదారి పొంగింది. మూడో ప్రమాద హెచ్చరిక కూడా ఇచ్చేశారు, ఏటి మధ్యనున్న లంక ఊళ్ళన్నీ నీళ్ళలో ఉన్నాయి. అంతకుముందైతే అత్త ఏటిగట్టు మీద నిలబడి వచ్చేపోయే పడవల వాళ్ళని కేకేసి కబుర్లు కనుక్కునేది. "ఇంకా కేకలేంటత్తా, మోటుగా!" అని నేనో పథకం వేశాను. లంకకొక సెల్‌ఫోన్ నంబరు సంపాదించి అందరికీ ఒకటే మెసేజ్ కొట్టాను. మంచినీళ్ళు కావాలంటే ఒకటి, భోజనం కావాలంటే రెండు, మందులు కావాలంటే మూడు, ఏమీ అక్కర్లేకపోతే సున్నా నొక్కి పంపండి అని. అక్కడితో ఆగానా? గట్టు మీద తీసిన ఫోటోలు నెట్ సెంటర్‌కి పట్టుకెళ్ళి, ఊళ్ళు వదిలి దూరాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన వాళ్ళ ఈమెయిల్ గ్రూపుకి పంపాను. ఎంత చెప్పండి, మన వాళ్ళు బంగారం! మర్నాటికల్లా నీళ్ళ ప్యాకెట్ల వ్యాన్ వచ్చి మా గుమ్మంలో ఆగింది. అత్త నా నెత్తి నిమిరి, "నీ పెట్టె మంచిదేనే" అంది. నేను నేల మీద నడవడం మానేశాను.

జవాబులు టింగు టింగున వచ్చాయి. కంప్యూటర్లో పట్టిక గీసి, అవసరం ఉన్న లంకకి ఎరుపు, లేనిదానికి ఆకుపచ్చ వేశాను. దిగువ లంక సున్నా కొట్టింది. మర్నాడూ సున్నాయే. నేనసలే జాగ్రత్త గల మనిషిని కదా, నిర్ధారణ కోసం ఫోన్ కూడా చేశాను. ఓ పెద్దాయన ఎత్తారు. "ఆయ్, మేం బానే ఉన్నామండి. కొబ్బరి బొండాలున్నాయి, తాగుతున్నాం. పాపం ఎగువ లంకోళ్ళ సంగతి చూడండి. ఇంతకీ తమరు భోంచేశారాండి?" అన్నారు. భోంచేశానని చెప్పి, పట్టికలో 'ఉత్సాహంగా ఉన్నారు' అని కూడా రాసుకున్నాను. ఉన్న ఒక్క ఇంజన్ పడవని ఎగువకి పంపేశాం.

మూడోనాడు పొద్దున్న అత్త కళ్ళజోడు సవరించుకుని ఆ పట్టిక చూసింది. "దిగువ లంక మంచినీళ్ళ బోరు అన్నిటికంటే ముందు మునుగుతుందే. సున్నా ఏంటి?"

"వాళ్ళే కొట్టారు. నేను ఫోన్ చేసి అడిగాను కూడా."

"ఎన్నిసార్లు అడిగావు?"

"ఒకసారే. స్పష్టంగా చెప్పారు."

"ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! చుట్టం ఇంటికొస్తే కాఫీ తాగుతారా అని అడుగుతాం. ఏమంటాడు?"

"ఇప్పుడే తాగొచ్చానంటాడు."

"రెండోసారి అడిగితే?"

"మీకెందుకండీ శ్రమ అంటాడు."

"మూడోసారికి?"

"తాగుతాడు" అన్నాను. అంటుండగానే నా చూపు పట్టికలో దిగువ లంక ఆకుపచ్చ గడి మీద పడింది.

అత్త ఆ పెద్దాయనకి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది. మొదటిసారి "ఏ లోటూ లేదండి మేడమ్ గారూ" అన్నారాయన. రెండోసారి "వరదన్నాక అందరికీ ఉన్నదేగా అండి" అన్నారు. అత్త గొంతు పెంచి, "చూడండి బాబాయిగారూ, రేపు నేనొచ్చినప్పుడు అక్కడేమన్నా లోటు కనబడిందా, జన్మలో మీ గడప తొక్కను" అంది. అప్పుడాయన మెల్లిగా చెప్పారు. "మా కోడలు బాలింతండి. బొండాం నీళ్ళు చలవ చేస్తాయని మా ఆవిడ తాగనివ్వట్లేదు. వరద ఎర్ర నీళ్ళే వడకట్టి, కాచి ఇస్తున్నామండి. తాగినవి తాగినట్టు కక్కేస్తోంది. రాత్రి నుంచి బిడ్డకి పాలు లేవు."

ఆ తర్వాత అత్తని చూడాలి మీరు! ఒక చేత్తో పడవ సరంగుకి ఫోన్ చేసి ఉన్నపళంగా వెనక్కి తిప్పమంది, ఇంకో చేత్తో నన్ను కంప్యూటర్ ముందుకి తోసింది. "నీ గ్రూపులో డాక్టరెవరున్నారో చూడు!" నేను దాచుకున్న జాబితాలో ఉన్నారు, ఒక డాక్టరమ్మ; ఆవిడ నంబరుకి మెసేజ్ కొట్టాను. పావుగంటలో ఆవిడే ఫోన్ చేసి, ఏం తాగించాలో, ఎంతెంత తాగించాలో, బిడ్డనెలా చూసుకోవాలో చెప్పారు. నేను అన్నీ రాసుకున్నాను. పడవొచ్చే లోపల, సున్నా కొట్టిన మిగతా లంకలన్నిటికీ నాచేత మూడేసి సార్లు అడిగించింది మహాతల్లి. అందులో రెండింటికి మందులు కావాల్సొచ్చాయి.

దిగువ లంకలో బడి మేడ మీదున్నారంతా. ఆ అమ్మాయికి అటూ ఇటుగా నా వయసే. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. డాక్టరమ్మ చెప్పినట్టే అత్త కొంచెం కొంచెంగా తాగించింది. మేం అక్కడున్న రెండు మూడు గంటలూ అవి కడుపులో నిలిచాయి. సాయంత్రానికి బిడ్డ రొమ్ము పట్టి గుటకలు వేస్తుంటే ఆ అమ్మాయి అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది. నాకు బతికినట్టనిపించింది. అనిపించిన మరుక్షణమే కోపమొచ్చింది. పెద్దాయన వైపు తిరిగి, "సున్నా ఎందుకు కొట్టారండీ?" అని అడిగేశాను.

ఆయన తల దించుకున్నారు. ఆ అమ్మాయే నీరసంగా నవ్వి చెప్పింది. "మావయ్యగారికి ఫోన్ నొక్కడం రాదండి. కొట్టింది నేనే. ఇంతమంది సర్దుకుంటుంటే నా ఒక్కదాని కోసం ఏం అడుగుతామండీ?"

ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, తిరుగు ప్రయాణంలో ఆ పడవలో నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పుట్టి బుద్ధెరిగాక నేనంతసేపు నోరు మూసుక్కూర్చోవడం చూసి ఎరగని అత్త కంగారుపడిపోయి, వానలో తడిశాను కదా, జ్వరమేమోనని నా నుదురు పట్టుకు చూసింది.