ఆఖరి చెంబు

ఒకప్పుడు మట్టెవాడలో ఏ ఇంట పురుడొచ్చినా బక్కమ్మకే కబురు. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, పసిబిడ్డను ఆ కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసిందంటే, గుక్కపట్టి ఏడ్చే బిడ్డ కూడా నిద్రలోకి జారుకునేది. ఆఖరి చెంబు మాత్రం ఒంటి మీద పోసేది కాదు. బిడ్డ చుట్టూ తిప్పి, "నూరేండ్లు బతుకు బిడ్డా" అని పారబోసేది.

ఇప్పుడా వీధుల్లో తొట్లె కట్టే ఇల్లే కరువైంది. ఎవరు పిలిచినా మంచంపట్టిన ముసలివాళ్లకు స్నానం చేయించడానికే.

నిన్న కిరాణా కొట్టువాళ్ల అనసూయమ్మకు తలంటింది. తొంభై రెండేళ్ల ఒళ్లు, చంటిపిల్లంత తేలిక. వేడినీళ్లు పడగానే ముసలామె హాయిగా కళ్లు మూసుకుంది. బక్కమ్మ చేతులకు పాత రోజులు గుర్తొచ్చాయి. ఆఖరి చెంబు ఆమె చుట్టూ తిప్పి పారబోస్తూ, "నూరేండ్లు బతుకు బిడ్డా" అనేసింది.

అనసూయమ్మ ఉలిక్కిపడి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇంకా ఎనిమిదేండ్లా? నాతోని కాదే బక్కీ. జర ఆ మాట వాపస్ తీస్కో."

బక్కమ్మ భయంగా నేలకేసి చూసింది. నీళ్లు అప్పటికే తూములోంచి వెళ్లిపోయాయి.