నేను ఆయన్ని కాను

స్కేలాయన అంటే ఆ వీధిలో తెలియనివాళ్లుండరు. లైసెన్సున్న ఆర్కిటెక్టు. చొక్కా జేబులో పెన్నుకి బదులు ఆరంగుళాల స్కేలు పెట్టుకు తిరుగుతాడని ఆ పేరొచ్చింది. ముప్ఫై ఒక్కేళ్లుగా గీసినవన్నీ చిన్న ఇళ్లే. అయితేనేం, ఆయన గీసిన మెట్లెక్కి మోకాళ్లు పట్టేశాయన్న ముసలావిడ ఒక్కతీ లేదు. చుట్టాలింటికెళ్లినా కుశల ప్రశ్నలు మానేసి గుమ్మం ఎత్తు కొలుస్తాడని, పోయిన ఏడాది కన్నుమూసేదాకా భార్య దెప్పుతూనే ఉండేది.

అలాంటి మనిషికి వచ్చిపడింది తంటా. లైసెన్సుల ఆఫీసువాళ్లు ఊళ్లోవాళ్ల పాత రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. ఎక్కించిన మహానుభావుడెవరోగానీ, ఒకే పేరున్న అయిదుగురినీ కలిపి ఒక్క మనిషిని చేసి పారేశాడు! ఆ లెక్కన స్కేలాయన ఆర్కిటెక్టు, దర్జీ, బస్సు కండక్టరు. పైగా తొమ్మిదేళ్ల కిందటే చచ్చిపోయాడు కూడా.

"ఖర్మ! ఇప్పుడేం చెయ్యాలమ్మా?" అని కౌంటరు దగ్గర అడిగాడు.

"ఆ పేరున్న మిగతా నలుగురూ 'నేను ఆ ఆర్కిటెక్టుని కాను' అని రాసివ్వాలండీ. చచ్చిపోయినాయన తరఫున ఇంట్లోవాళ్లు రాసినా సరే. శుక్రవారం సాయంత్రంలోగా నాలుగు కాగితాలూ రాకపోతే మీ లైసెన్సు రద్దే," అంది గుమస్తా తలెత్తకుండానే.

లైసెన్సు పోతే ఇక తనేమిటి? ఇంట్లో ఆవిడ లేదు, మిగిలింది ఆ పనొక్కటే.

దర్జీ నవ్వుతూ సంతకం పెట్టాడు. కండక్టరు డ్యూటీ దిగి వచ్చి పెట్టాడు. పోయినాయన భార్య కళ్లు తుడుచుకుంటూ పెట్టింది.

ఇక నాలుగో ఆయన. గురువారం మధ్యాహ్నం అడ్రసు పట్టుకుని వెళ్లిన స్కేలాయన గేటు ముందు కొయ్యబారిపోయాడు. ఆ ఇల్లు తనది! కట్టించింది కాదు, గీసుకున్నది. పెళ్లయిన కొత్తలో తామిద్దరి కోసం గీశాడు. కట్టుకునే స్తోమత లేక, ఓ రోజు ఉక్రోషం పట్టలేక ఆ ప్లాను చించి పొయ్యిలో పెట్టేశాడు. భార్య తప్ప ఆ కాగితం చూసినవాళ్లు లేరు. ఆవిడ కూర్చోవడానికని మలుపులో ఒక మెట్టు వెడల్పు చేశాడే, అదీ ఉంది. గేటు దాటి, జేబులోని స్కేలు తీసి మెట్టు ఎత్తు కొలిచాడు. ఆరంగుళాలు. వెంట్రుకవాసి తేడా లేదు.

"రండి రండి. మీకోసమే చూస్తున్నాను," అన్నాడొకాయన పైనుంచి. తన వయసే, తన ఒడ్డూ పొడుగే. ముఖం మాత్రం వేరు. స్కేలాయనకి అది చూసే ఇంకా భయం వేసింది.

"ఈ ఇల్లు ఎవరు గీశారండీ?" అన్నాడు మెట్లెక్కి ముందుగదిలో కూర్చుంటూ.

"ఎవరేమిటండీ? మనమే."

అంతలో వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఎవరో ఆడమనిషి సన్నగా దగ్గింది. ముప్ఫై ఏళ్లు పక్కనే విన్న దగ్గు. వెళ్లి చూడాలని స్కేలాయన ప్రాణం కొట్టుకుంది గానీ ఆ పెద్దమనిషి అప్పటికే కాగితం కోసం చెయ్యి చాపాడు.

నాలుగో ఆయన స్కేలాయన తెచ్చిన కాగితం అందుకుని ఏదో గీకి, మడిచి, కవర్లో పెట్టిచ్చాడు. ఇంకో కాగితం ముందుకు తోశాడు. "మీరూ నాకొకటి పెట్టాలి. ఒకరికొకరం కదా!"

స్థలం కళ్లారా చూడనిదే ప్లాను మీద సంతకం పెట్టని మనిషి, అయ్యో, వంటింటి గుమ్మం మీదే కళ్లుంచి చదవకుండా పెట్టేశాడు. "ఒక్కసారి లోపలికి..." అని లేవబోయాడు.

"సంతకం అయిపోయిందిగా! ఇంకా దేనికండీ?" అంటూ ఆయన మెత్తగా గేటుదాకా సాగనంపాడు.

శుక్రవారం కౌంటరులో నాలుగు కాగితాలూ ఇచ్చాడు. గుమస్తా కవరు విప్పింది. సంతకం ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"అయినా ఇవెందుకండీ? ఆర్కిటెక్టుగారు ఇందాకే వచ్చి లైసెన్సు పట్టుకెళ్లారు. దర్జీది, కండక్టరుది, పోయినాయన భార్యది అన్నీ తెచ్చారు. నాలుగోది మీదే," అంటూ ఒక కాగితం తిప్పి చూపించింది.

'నేను ఆ ఆర్కిటెక్టుని కాను.' కింద తన సంతకం.

"మీదేనా?"

"నాదే," అన్నాడు. అబద్ధం చెప్పడం చేతకాదు మరి.

గుమస్తా మొదటిసారి తలెత్తి ఆయన్ని జాలిగా చూసింది. "ఇంతకీ మీరేం పని చేస్తుంటారండీ?"