పోసినవాళ్ళే ఆనుకోవాలి

ఒడ్డు వీధుల్లో అంచులక్కని ఎరగనివాళ్ళు లేరు. అసలు పేరేమిటో ఆవిడకైనా గుర్తుందో లేదో. బాల్కనీలకీ, సముద్రం వైపు చాచి కట్టుకునే డెక్కులకీ అద్దాల రెయిలింగులు బిగించడం ఆవిడ పని. ఎప్పుడు చూసినా ఏదో ఒక మేడ అంచునే కనబడుతుంది గనక అంచులక్క అయి కూచుంది. "ఎచ్చులెక్కువ ఆవిడకి" అని వెనకాల అనేవాళ్ళూ ఉన్నారు. అన్నవాళ్ళని తీసుకెళ్ళి ఒక్కసారి ఆ అంచున నిలబెట్టాలి, ఎవరి ఎచ్చులు ఎక్కడ దిగుతాయో తెలుస్తుంది.

పని చూడ్డానికి సులువే. డెక్కు అంచు పొడుగునా లోహపు గాడి బిగిస్తారు. అందులో నడుమెత్తు అద్దాన్ని నిలబెట్టి, నిటారుగా ఉందో లేదో చూసి, చుట్టూ గ్రౌట్ పోస్తారు. గ్రౌటంటే సిమెంటు జావ. అది ఎండితే రాయి, ఎండకపోతే గంజి. పైన పట్టుకోవడానికి కడ్డీ ఉండదు, పక్కన స్తంభం ఉండదు. ఇంటివాళ్ళకి సముద్రం అడ్డంకి లేకుండా కనబడాలి మరి. వాళ్ళ ప్రాణాలన్నీ ఆ గాడిలో పోసిన జావలోనే ఉంటాయి.

ఈ పని మొదలుపెట్టింది వాళ్ళ నాన్న. ఆయనకో పద్ధతుండేది. పనైపోయాక ఇంటిల్లిపాదినీ పిలిచి, నడుముకున్న తాడు విప్పేసి, సముద్రానికి వీపు పెట్టి, చేతులు కట్టుకుని ఒళ్ళంతా అద్దం మీద వాల్చేసేవాడు. అలా ఆనుకునే పిల్లల చదువులూ పెద్దల మోకాళ్ళ నొప్పులూ తీరుబడిగా అడిగేవాడు. "రేపట్నించి దీనికి ఆనుకునేది మీరు. మీకు తాడుండదు కదా, నాకెందుకు?" అనేవాడు. ఆ పద్ధతికి ఒకే ఒక్క నియమం: గ్రౌట్ ఎవరు పోస్తే వాళ్ళే ఆనుకోవాలి. వండినవాళ్ళే ఉప్పు చూడాలి, పక్కింటివాళ్ళ చేత చూపించకూడదు అని ఆయన వాదన.

నాన్న పోయాక దుకాణం అన్నాచెల్లెళ్ళ చేతికొచ్చింది. అన్నయ్య బంగారంలాంటి మనిషి. కొలతలో, కోతలో వేలెత్తి చూపించడానికి లేదు. కానీ ఎత్తంటే గుండె గుభేలుమంటుంది. ఇంట్లో బల్బు మార్చాలన్నా స్టూలెక్కేది వదినే. అయినా నాన్న తర్వాత గ్రౌట్ పోసేది తనే అని భీష్మించుకున్నాడు. డెక్కు మీద బోర్లా పడుకుని, ఒక చేత్తో దొరికింది పట్టుకుని, రెండో చేత్తో పోసేవాడు. అంతవరకూ ఎలాగో నెట్టుకొచ్చాడు. మొదటి ఇంట్లో ఆనుకోవలసిన వేళ మాత్రం కిటికీ తెర పట్టుకుని నిలబడిపోయాడు. మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. ఇంటివాళ్ళు చూస్తున్నారు.

"జరుగు అన్నయ్యా, నాకు సరదాగా ఉంది" అని అంచులక్క ముందుకెళ్ళి ఆనుకుంది.

అప్పట్నించి అదే వాడుకైపోయింది. పోసేది అన్న, ఆనుకునేది చెల్లెలు. అన్న భయం బయటపడకుండా చెల్లెలు తన వీపు అడ్డం పెట్టింది. లోకం దానికి ఎచ్చులని పేరు పెట్టింది.

వాళ్ళ నాన్న నియమం ఎందుకు పెట్టాడో డ్రిల్లు టీచరమ్మ ఇంట్లో తెలిసింది. రిటైరైనా ఆవిడ గొంతు ఈల వేసినట్టే ఉంటుంది. మేడ మీద డెక్కుకి అద్దాలు పెట్టించింది. ఆ పొద్దున అంచులక్క వెళ్ళేసరికి అన్నయ్య అక్కడే ఉన్నాడు. "నిన్న పోసిందేనా?" అనడిగింది. "నిన్న మధ్యాహ్నమే. రాయి" అన్నాడు. పైన వేలు పెట్టి చూస్తే గట్టిగానే తగిలింది. అన్న మాట మీద చెల్లెలు తాడు విప్పేసి వాలింది. గాడి నోరు తెరిచింది. కింద పూలమొక్కల కోసం పోయించిన ఇసక గుట్ట ఉండబట్టి ప్రాణం దక్కింది. అద్దం మాత్రం చెక్కుచెదరకుండా దిగింది. తుంటే విరిగింది.

ఇక చూడండి, లోకులు కాకులు. "ఆడదానికి ఆ దూకుడెందుకు?" అన్నారు. "ఆవిడ ఎచ్చులే ఆవిణ్ణి తోసేశాయి" అన్నారు. ఇవన్నీ అన్నయ్య పక్కనే నిలబడి విన్నాడు, కిక్కురుమనలేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక మాత్రం కన్నతల్లి చేసినంత చేశాడు. వీపున మోసి మెట్లెక్కించాడు, దిగదీశాడు. ఓడ మీద ఉద్యోగం చేసే బావగారికి రోజూ ఫోన్ చేసి, "బాగానే ఉంది, బాగానే ఉంది" అని ధైర్యం చెప్పాడు. ఆవిడ కర్ర పట్టుకుని నడిచే రోజు వచ్చేసరికి, దుకాణంలో బల్ల వెనకాల ఒక కొత్త కుర్చీ వెలిసింది. చక్రాలు, చేతులు, వెనకాల మెత్త.

"కూర్చుని చూడవే, ఎంత హాయిగా ఉంటుందో" అన్నాడు అన్నయ్య.

"నువ్వు కూర్చో."

"నాకెందుకు? నేను తిరిగే మనిషిని."

"నేనూ తిరిగే మనిషినే."

"తిరిగింది చాలమ్మా. ఫోన్లు చూసుకో, రబ్బరు పట్టీలు కోసిపెట్టు. పైపనికి మనుషుల్ని పెడతాను. అంచు మాటెత్తావంటే నా మీద ఒట్టే!"

"కుర్చీ బాగానే ఉంది" అంది వదిన, క్యారేజీ బల్ల మీద పెడుతూ. "కూర్చునేవాళ్ళే తారుమారయ్యారు."

"నువ్వూరుకో" అన్నాడు అన్నయ్య, అందులో తనని అన్నదేమీ లేకపోయినా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

అంచులక్కకి ఒళ్ళు మండిపోయింది. కాళ్ళు విరిగినా ఫరవాలేదు, కానీ కాళ్ళు కట్టేస్తే ఎలా? ఈ కుర్చీలో ఒక్కరోజు కూర్చుంటే మర్నాడు లేవనివ్వరని ఆవిడకి తెలుసు. ఊరంతా, "పాపం, పడిపోయింది కదా, ఇక చేతకాదు" అని జాలిపడుతుంది. ఎచ్చులంటే పడింది గానీ, ఆ జాలి మాత్రం పడనంటుంది. పనే పోతే తనకేం మిగులుతుంది? కుర్చీ మిగులుతుంది.

టీచరమ్మ ఇంట్లో డెక్కుకి ఇంకా అడ్డంగా చెక్కలే ఉన్నాయి. అన్నయ్య పెట్టిన మనుషులు ఒకరు రాలేదు, ఒకరు వచ్చి గాడి చూసి, "పడిన చోటా? మావల్ల కాదు" అని పోయారు. ఈ సంగతి ఫోన్లో విన్న పొద్దునే అంచులక్క కర్ర తీసుకుని, దుకాణంలో ఎవరికీ చెప్పకుండా ఒడ్డు వీధి వెంట నడుచుకుంటూ వెళ్ళింది. దారిలో తుంటి సలుపుతుంటే దాన్ని కూడా తిట్టింది.

టీచరమ్మ గేటు తియ్యలేదు. "నువ్వా! నిన్ను మళ్ళీ మా మేడెక్కించానంటే నా అంత బుద్ధిలేనిది ఉండదు."

"అయితే ఆ చెక్కలు చూసుకుంటూ కాఫీ తాగండి."

"నోరు పడిపోలేదన్నమాట."

"తుంటే పడింది మేడమ్. నోరు బాగానే ఉంది. నేను మీ ఇంట్లో పడ్డాను. ఇంకెక్కడో నిలబడితే ఏం లాభం? ఇక్కడే నిలబడాలి."

టీచరమ్మ ఎగాదిగా చూసింది. "పడ్డచోటే లేవమని పిల్లలకి నేనూ చెప్పేదాన్ని. వాళ్ళు మట్టిలో పడేవాళ్ళనుకో. నువ్వు మేడమీంచి పడ్డావు" అంది. తర్వాత గొళ్ళెం తీసింది. "పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారంటారు. రా. కానీ మళ్ళీ పడ్డావో, ఊరుకోను."

ఆవిడ ఫోన్ చేస్తే సామానంతా వేసుకుని దుకాణం వ్యాను వచ్చింది. వార్త విని అన్నయ్య రొప్పుతూ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి అంచులక్క నడుముకి తాడు కట్టుకుని, పాత గ్రౌటంతా పెళ్ళగించి, గాడి కడిగి ఆరబెట్టి, వ్యానువాళ్ళ చేత అద్దాలు నిలబెట్టించి పంపేసి, బకెట్లో కొత్త గ్రౌట్ కలుపుతోంది. అన్నయ్య గది గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. టీచరమ్మ కింద వంటింట్లో ఉంది.

"ఆపవే! ఒట్టేశానా లేదా?"

"వేసింది నువ్వు. నేను పట్టలేదు."

"మళ్ళీ పడ్డావంటే నేను బతకను. నీకు దణ్ణం పెడతాను. పోనీ, నేను పోస్తాను, నువ్వు లోపలికి రా."

"నువ్వు పోస్తే నువ్వే ఆనుకోవాలి."

అన్నయ్య చూపు అంచుదాకా వెళ్ళి వెనక్కొచ్చింది.

అంచులక్క కలపడం ఆపి లేచి నిలబడింది. "ఆస్పత్రిలో నర్సు నా మోచేతి మీంచి గ్రౌట్ తుడిచింది అన్నయ్యా. తడి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే వచ్చేసింది. ముందురోజు పోసిన గ్రౌట్ అలా వస్తుందా?"

అన్నయ్య గుమ్మంలోనే కూలబడ్డాడు. "ముందురోజు గాలి విపరీతంగా కొట్టింది" అన్నాడు. "అంచుదాకా పాకలేకపోయాను. తెల్లారి గాలి తగ్గాక పోశాను. చెబుదామనుకున్నాను. చెబితే, నిన్ననే ఎందుకు పొయ్యలేదంటావు. గాలికి భయపడ్డానని చెప్పాలి. వ్యాను డ్రైవర్ ఉన్నాడు, టీచరమ్మ ఉంది..." తలెత్తి చూశాడు. "నీకు తెలిసీ ఇన్నాళ్ళూ ఒక్క మాటనలేదేమే?"

"అంటే ఏమొస్తుంది? నువ్వు ఏడుస్తావు. నువ్వేడిస్తే నేను చూడలేను. పోసింది నువ్వైనా పడింది నేనులే అని ఊరుకున్నాను. నువ్వేం చేశావు? నీ భయాన్ని తెచ్చి నాకు కుర్చీ వేశావు! పొరపాటు నీది, కుర్చీ నాదా? ఊళ్ళోవాళ్ళు నాకు చేతకాదంటే నాకు లెక్కలేదు. నువ్వు కూడా అంటావా?"

"నేను అనలేదే..."

"కుర్చీ అంటోంది!"

అని మోకాలు వంచి, నొప్పికి పళ్ళు బిగబట్టి, గాడిలో తనే పోసింది. అంగుళం అంగుళం పుల్లతో కుదుపుతూ, గాలి బుడగ మిగలకుండా, ఈ చివరినుంచి ఆ చివరిదాకా. అన్నయ్య చూస్తూ కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి, "ఆ మూల తక్కువైంది" అన్నాడు. నిజంగానే తక్కువైంది. ఆవిడ ఇంకాస్త పోసింది.

తర్వాత అందరి ఓపికకీ పరీక్ష పెట్టింది. ఎండిపోయిందిగా అని టీచరమ్మ అడిగినప్పుడల్లా, "సముద్రపు చెమ్మ మేడమ్, దానికి మీ ఈల వినబడదు" అంది. పక్క దుకాణం బిగింపువాళ్ళు వచ్చి, "ఏం అక్కా, ఈసారి పరుపు వెయ్యమంటావా కింద?" అని ఎగతాళి చేశారు. "వెయ్యండి, మీరు పడుకుందురుగాని" అంది. రోజూ వచ్చి అడుగున మేకుతో గీసి చూసేది. మేకు జారిపోయి గీత కూడా పడని రోజున రమ్మని కబురు పెట్టింది.

అందరూ వచ్చారు. వదిన వచ్చింది, ఎగతాళి చేసినవాళ్ళూ వచ్చారు, తమాషా చూడ్డానికి నలుగురైదుగురు ఇరుగుపొరుగు కూడా చేరారు. అన్నయ్య గుమ్మం దాటలేదు.

ముందు తాడుతోనే ఆనుకుంది. ఇది నాన్న పద్ధతిలో లేదు, తను పడి నేర్చుకుంది. ఒళ్ళు బరువంతా మూడుసార్లు అద్దం మీద వేసి చూసింది. తర్వాత తాడు విప్పి వదినకిచ్చింది. వదిన దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

భయం వేసింది. ఎందుకు వెయ్యదు? తుంటికి అంతా గుర్తుంది. గాడి నోరు తెరిచిన క్షణం వీపులో మళ్ళీ కదిలింది. వెనక్కి తగ్గినా ఎవరూ ఏమీ అనరని, అదే అన్నిటికంటే పెద్ద ప్రమాదమని ఆవిడకి తెలుసు. కర్రని పక్కన పడేసింది. సముద్రానికి వీపు పెట్టి, చేతులు కట్టుకుని, వాలింది.

అద్దం కదల్లేదు.

"ఏం మేడమ్, కాఫీ ఇస్తారా లేక ఇలాగే ఉండమంటారా?" అంది, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోకుండా.

"చూశారా, ఎచ్చులు ఏమాత్రం తగ్గలేదు" అని గుంపులోంచి ఎవరో గొణిగారు.

అప్పుడు గుమ్మంలోంచి అన్నయ్య గొంతు వినబడింది. "ఎచ్చులు కాదు. ఆ రోజు పోసింది నేను. ఎండకుండానే ఎండిందని చెప్పాను. నా మాట నమ్మి పడింది. ఇన్నేళ్ళూ నేను ఆనుకోవలసిన ప్రతిచోటా అదే ఆనుకుంది, నాకు ఎత్తంటే భయం గనక."

అంచులక్క అడ్డుపడలేదు. ఇన్నాళ్ళు మోసింది చాలనుకుంది. టీచరమ్మ, "భయమైతే ఎత్తు పని చెయ్యగలవాళ్ళకి వదిలెయ్యాలి నాయనా, అబద్ధమాడకూడదు" అని, అందరికీ కాఫీ పెట్టడానికి కిందికి వెళ్ళింది.

మర్నాడు అంచులక్క దుకాణానికి వచ్చేసరికి అన్నయ్య ఆ కుర్చీ దగ్గర నిలబడి ఉన్నాడు. కూర్చోవాలా వద్దా అన్నట్టు దాని వీపు నిమురుతున్నాడు.

"కూర్చో అన్నయ్యా. హాయిగా ఉంటుందన్నావుగా" అంది అంచులక్క, బకెట్, తాడు వ్యానులో వేసుకుంటూ. "కొలతలు నీవి, కోతలు నీవి. పోసేదీ ఆనుకునేదీ నేను."

అన్నయ్య కూర్చున్నాడు. కుర్చీ ఆయన బరువుకి కుయ్యిమంది. వదిన పమిట నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు, చివరికి ఆయనకీ ఆగలేదు. ఇంతలో ఫోన్ మోగింది. ఒడ్డు మీద కొత్త ఇల్లట, మూడో అంతస్తు బాల్కనీ అట, అద్దాలు గట్టిగా నిలుస్తాయా అని అడుగుతున్నారు.

"మా చెల్లెలు వస్తుందండీ" అన్నాడు అన్నయ్య. "తనే పోస్తుంది, తనే ఆనుకుంటుంది."