ఇల్సేకి చెప్పని జాగ్రత్త

కొలంబో రైలు దారిలో కొండమీది కళుగల్లలో సీలావతి ఇంట్లో దిగిన ఏ విదేశీయుడూ ఆవిడ జాగ్రత్తల పాఠం వినకుండా గుమ్మం దాటిన పాపాన పోలేదు. సాయంత్రం పాలు లేని టీ పోసి, తాటిబెల్లం ముక్క చేతిలో పెట్టి మొదలుపెట్టేది. పాస్‌పోర్టు నకలు గదిలో ఒకటి ఉండాలి, ఒంటిమీద ఒకటి ఉండాలి. బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకోవాలి. రత్నాలు కోసే చోటు చూపిస్తానన్న ఆటోవాడు ఎంత తియ్యగా మాట్లాడినా కదలకూడదు. ఇవన్నీ అయ్యాక అసలు సంగతికి వచ్చేది. రైలు పట్టాల వెంట సొరంగం దాకా ఒంటరిగా నడవకూడదు. ఫోటో తీస్తానంటూ ఎవడైనా కుర్రాడు దగ్గరికొస్తే ఫోను ఇవ్వకూడదు. సంచి లాక్కుంటే వదిలెయ్యాలి గాని పట్టుకుని వేలాడకూడదు.

ఊళ్ళో అందరూ ఆవిణ్ణి పోలీసాంటీ అని ఏడిపించేవాళ్ళు. రైలు స్టేషను ఎదుట టీ అమ్మే పియదాస అయితే మరీను.

"సీలక్కా, నీ ఇంటికొచ్చే తెల్లోళ్ళు మన ఊరు చూడ్డానికొస్తున్నారా, మననుంచి తప్పించుకోడానికా?"

"నీ టీ తాగినవాడికి ఆ రెండూ అక్కర్లేదులే, నేరుగా ఆస్పత్రే" అనేది సీలావతి.

అలాంటి మనిషి. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. మొగుడు రైల్వే గ్యాంగులో పట్టాలు సరిచేస్తూ సరిచేస్తూ ఒకరోజు పట్టాలమీదే కూలిపోయాడు. ఆ పైన ముందు గది, మేడ గది అతిథులకి ఇచ్చి బతకడం నేర్చుకుంది. ఇంగ్లీషు కూడా ఆ వచ్చినవాళ్ళ దగ్గరే నేర్చుకుంది. వ్యాకరణం సున్నా, కాని ఆవిడ మాట అర్థం కాలేదన్నవాడు ఇంతవరకు లేడు. మొదటి ఏడాదే ఒక హాలండు ముసలి జంట ఆటోవాడి మాట నమ్మి రంగు గాజుముక్కలు నీలాలనుకుని కొనుక్కొచ్చి, ఈ అరుగుమీద కూచుని పసిపిల్లల్లా ఏడ్చారు. ఊరి పరువంతా తన వాకిట్లో పోయినట్టనిపించింది సీలావతికి. జాగ్రత్తల పాఠం ఆ సాయంత్రం నుంచే మొదలైంది. పదకొండేళ్ళలో ఒక్కనాడు తప్పలేదు.

తప్పింది ఒక్క ఇల్సే దగ్గరే.

దానికి ముందు నందావతి సంగతి చెప్పాలి. సందుకి అవతల ఇల్లు. రెండు వంటింటి కిటికీలూ ఎదురెదురు, ఈ ఇంట్లో తాలింపు వేస్తే ఆ ఇంట్లో దగ్గుతారు. సీలావతి మొగుడు పోయినప్పుడు సొంత చెల్లెలు బదుల్ల నుంచి వచ్చి రెండోరోజే బస్సెక్కింది. చావింట్లో పొయ్యి వెలిగించకూడదు కదా. ఏడు రోజులు, మూడు పూటలు నందావతే వండి తెచ్చింది. పక్కన కూచుని ముద్దలు కలిపి పెట్టింది, తలంటింది, రాత్రిళ్ళు చాప తెచ్చుకుని పక్కనే పడుకుంది. అంత చేసిన మనిషి.

ఆ మనిషి కొడుకే దమిత్. టీ ఫ్యాక్టరీలో పని పోయినప్పటి నుంచి సొరంగం దగ్గర తచ్చాడటం మొదలుపెట్టాడు. ఎవరి సంచో పోయిన వారానికి వీడి కాలికి కొత్త బూట్లు వచ్చేవి. కళ్ళారా చూసినవాళ్ళు లేరు, సందులో తెలియనివాళ్ళూ లేరు. నందావతి ముందు మాత్రం ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. సీలావతి కూడా అతిథులతో "కుర్రాడు" అనేదేగాని పేరు ఎన్నడూ చెప్పలేదు. అక్కడికి ఇరుపక్కలా న్యాయం చేశాననుకునేది.

ఇల్సే బెల్జియం పిల్ల. ఇరవైమూడేళ్ళు ఉంటాయేమో, పుట్టి బుద్ధెరిగాక ఒంటరిగా ఊరు దాటడం ఇదే మొదటిసారి. వాళ్ళమ్మ వద్దు వద్దని మొత్తుకున్నా వచ్చిందిట. నవ్వుతూ చెప్పింది ఆ మాట. ఆ సాయంత్రం టీ పోసే వేళకి నందావతి సీలావతి వంటింట్లోనే ఉంది. మర్నాటి ఇడియప్పాల్లోకి సంబోలు పచ్చడి కావాలంటే సాయం వచ్చి, పీటమీద కూచుని కొబ్బరి కోరుతోంది.

"రేపు పొద్దున్నే పట్టాల వెంట నడిచి పక్క స్టేషనుకి వెళ్దామనుకుంటున్నా ఆంటీ. ఏమన్నా భయముందా?" అనడిగింది ఇల్సే.

నందావతి చెయ్యి ఆగిపోయింది. ఇంగ్లీషు మాట్లాడటం రాదు గాని, ఆ ముక్క అర్థమయ్యేపాటి వచ్చు ఆవిడకి. తల ఎత్తలేదు. సగం కోరిన చిప్ప అలాగే పట్టుకుని ఉండిపోయింది. సీలావతి అది చూసింది. తనకి ముద్దలు కలిపి పెట్టిన మనిషి ఎదుట, ఆ మనిషి కడుపున పుట్టినవాడి సంగతి, ఎలా చెప్పడం?

"రైలు టైము చూసుకుని వెళ్ళు. మంచి దారి" అంది.

అంతే అంది. కొబ్బరి కోరడం మళ్ళీ మొదలైంది. పొద్దున్నే నందావతి లేనప్పుడు గదిలోకి వెళ్ళి అన్నీ వివరంగా చెప్దామనుకుంది సీలావతి. ఆ మాట మనసులో అనుకుని నిమ్మళంగా నిద్ర కూడా పోయింది. అదే తర్వాత ఆవిణ్ణి ఎక్కువ కోసింది, నిద్ర పట్టడం.

తెల్లవారుతూనే ఇల్సే వెళ్ళిపోయింది. ఆంటీకి మెలకువ వస్తుందని బూట్లు చేత్తో పట్టుకుని, మెట్లు చప్పుడు కాకుండా దిగి వెళ్ళింది.

తొమ్మిదింటికి రైల్వే గ్యాంగువాళ్ళు ఆ పిల్లని హపుతలె ఆస్పత్రికి తీసుకెళ్ళారని కబురొచ్చింది. సొరంగం నోటి దగ్గర ఒకడు వెనకనుంచి సంచి లాగాడు. ఈ పిల్ల వదల్లేదు. పట్టాల పక్క కంకరమీద పది బారల దూరం ఈడ్చుకుపోయాడు. మణికట్టు విరిగింది, మోకాళ్ళు చిట్లాయి, సంచితోపాటు పాస్‌పోర్టూ ఫోనూ పోయాయి. వదిలెయ్యమని ఆ పిల్లకి ఎవరు చెప్పారు గనక?

కట్టు కట్టించుకుని వచ్చిన పిల్లని అరుగుమీద కూచోబెట్టి పోలీసు సార్జంటు వివరాలు రాసుకున్నాడు. రాస్తూ రాస్తూ సీలావతికేసి తిరిగాడు.

"ఏం సీలక్కా, ఊరంతటికీ చెప్తావుగా. ఈ పిల్లకి చెప్పలేదా?"

వాకిట్లో పదిమంది ఉన్నారు. పియదాస ఉన్నాడు. సందు చివర నందావతి కూడా ఉంది.

"చెప్పాను సారూ" అంది సీలావతి.

సింహళంలో అన్న ఆ మాట ఇల్సేకి అర్థం కాలేదు. సార్జంటు ఊరుకోకుండా ఇంగ్లీషులో మందలించాడు. "ఆంటీ నీకు చెప్పింది కదా? వద్దన్నాక ఎందుకెళ్ళావు?"

ఇల్సే తెల్లబోయి సీలావతి మొహంలోకి చూసింది. ఒక క్షణం వెతుక్కుంది. తర్వాత తల వంచుకుంది.

"చెప్పే ఉంటారు. నాకే అర్థమయ్యుండదు. సారీ ఆంటీ."

సీలావతికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తనే అబద్ధమాడి, చేయి విరిగిన పిల్ల చేత తనకే క్షమాపణ చెప్పించుకుంది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకుంది. అనుకుందేగాని అప్పుడైనా నోరు తెరవలేదు.

మధ్యాహ్నం రైలుకి ఇల్సే కొలంబోలో వాళ్ళ ఎంబసీకి వెళ్ళాలి. ఈలోగా సీలావతి ఫోనుతో తల్లికి ఫోన్ చేసింది. వాళ్ళ భాష వాళ్ళది, కాని ఏడుపు ఎవరిదైనా అర్థమవుతుంది. ఫోను పెట్టేసి కళ్ళు తుడుచుకుంటూ అంది ఆ పిల్ల.

"మా అమ్మ అన్నదే నిజం ఆంటీ. ఒక్కదాన్నే తిరిగే పాటి మనిషిని కాను నేను. చెప్పినా వినిపించుకోనిదాన్ని. ఇంక ఎక్కడికీ వెళ్ళను."

సీలావతి వంటింట్లోకి వచ్చి కుండలు సర్దుతున్నట్టు నటించింది. ఆ పిల్ల చెయ్యి ఆరు వారాల్లో అతుక్కుంటుంది. ఈ మాటతో విరిగింది అతుక్కోదు. తాను బుద్ధితక్కువదాన్నని ఆ పిల్ల నమ్మి వెళ్ళిపోతోంది, ఆ నమ్మకం కల్పించింది సీలావతి. రైలుకి ఇంకా గంటన్నర ఉంది.

పెరటి గుమ్మంలో నందావతి నిలబడి ఉంది. చేతిలో ఆకు గంజి గిన్నె, మూత పెట్టి తెచ్చింది.

"ఆ పిల్లకి ఇవ్వు. కారం వెయ్యలేదు" అంది.

సీలావతికి ఒళ్ళు మండింది. ఎవరిమీదో తెలియదు. "నీ గంజితో ఎముక అతుకుతుందా నందా?"

నందావతి గిన్నె గట్టుమీద పెట్టింది.

"నిన్న ఎందుకు చెప్పలేదక్కా?"

"ఎందుకా? నువ్వున్నావని. నీ ఎదురుగా ఎట్లా చెప్పమంటావే?"

"నేనుంటే ఏం? రోజూ చెప్తావు కదా. మా కిటికీలోంచి రోజూ వింటాను. మీ ఇంటికి కొత్తవాళ్ళొచ్చారంటే పొయ్యి ఆపేసి మరీ వింటాను. నువ్వు సొరంగం మాట చెప్పేదాకా నాకు ముద్ద దిగదు. చెప్పగానే, పోనీలే, వీళ్ళు బతికిపోయారనుకుంటాను." ఆవిడ గిన్నె మూత సరిచేసింది. "వాడికి నేను చెప్పి చూశాను, కొట్టి చూశాను. బయటివాళ్ళకి చెప్పడానికి నాకు నోరు రాదు, కన్నదాన్ని. నిన్న నువ్వు చెప్తావనే ఆ పీటమీద కూచున్నా. చెయ్యాపి నీ మాట కోసమే చూస్తున్నానక్కా."

ఎవరి మొహం చూసి సీలావతి మాట మింగిందో, ఆ మనిషే మాట కోసం కాచుక్కూచుంది. ఆ పిల్ల అడిగింది, ఈ తల్లి ఎదురుచూసింది. ఇద్దరికీ కావలసిన మాటని తన మొహమాటం ఒక్కటే ఆపింది. ఇప్పుడింక నందావతి మీద నెట్టెయ్యడానికి కూడా లేదు.

"పోలీసు స్టేషనుకి పద. వాడి పేరు నువ్వు చెప్పు, నేను పక్కన నిలబడతాను" అంది నందావతి.

"వస్తాను. ముందు ఆ పిల్లకి చెప్పాలి."

ఇల్సే ఒంటిచేత్తో బట్టలు మడత పెట్టుకుంటోంది. సీలావతి గుమ్మం దగ్గరే నిలబడి, వచ్చీరాని ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. నీకు అర్థం కాకపోవడం కాదు. నేను చెప్పలేదు. సొరంగం దగ్గర దొంగ ఉన్నాడని నాకు తెలుసు. వాడి తల్లి నిన్న వంటింట్లో ఉందని ఊరుకున్నాను. పోలీసుకి అబద్ధం చెప్పాను. తప్పు నీది కాదు.

ఇల్సే మడతపెట్టే బట్ట అలాగే పట్టుకుని విన్నది.

"ఇంటికొచ్చిన అందరికీ చెప్తారా ఇది?"

"పదకొండేళ్ళుగా. అందరికీ."

"నాకు తప్ప."

"నీకు తప్ప" అంది సీలావతి.

తిడుతుందేమోనని చూసింది. తిడితే బాగుండునని చూసింది. ఇల్సే తిట్టలేదు, పరవాలేదని కూడా అనలేదు. బట్ట సంచిలో పెట్టి, బాగున్న చెయ్యి చాచింది.

"మా అమ్మకి ఇంకోసారి ఫోన్ చెయ్యాలి. మీ ఫోను ఇస్తారా?"

ఇచ్చింది. ఈసారి ఆ పిల్ల ఏడవలేదు. వెన్ను నిటారుగా పెట్టి గబగబా మాట్లాడుతోంది. ఒక్క ముక్క అర్థం కాని ఆ మాటల మధ్య సీలా, సీలా అని తన పేరు రెండుసార్లు వినపడింది. ఏం చెప్పావని అడిగే మొహం లేక, సీలావతి చెప్పులు వేసుకుని నందావతితో కలిసి పోలీసు స్టేషనుకి బయల్దేరింది.