కంచె దాటిన పసుపు చీర

తాళి కట్టే వేళకు మా ఇళ్లల్లో పట్టుచీర పనికిరాదు. తెల్ల నూలుచీరను పెళ్లినాడు తెల్లవారుతూనే పసుపునీళ్లలో ముంచి, ఆరేసి, దాన్నే కట్టుకోవాలి. ధర్మవరం పట్టు ఎంత ధగధగలాడినా దాని వంతు తర్వాతే.

నా పెళ్లినాడు పెరడంతా షామియానా, వంటపాత్రలు. చోటు లేక మా పిన్ని ఆ పసుపు చీరను ఇంటి వెనక సోలార్ పార్కు కంచె మీద ఆరేసింది. మా వల్లూరులో గాలి ఎంత విసురో తెలిసి కూడా ఆరేసింది, మహాతల్లి! నేను పూలజడ వేయించుకుంటూ కిటికీలోంచి చూస్తుండగానే చీర లేచి, కంచె దాటి, లోపల ప్యానెళ్ల మీద పడింది.

సగం జడతోనే గేటు దగ్గరికి పరుగెత్తాను. కొత్త పట్టుపంచె, జరీ తలపాగాతో నాన్న నా వెనకే వచ్చాడు గానీ దూరంగానే ఆగిపోయాడు. ఆ ప్యానెళ్ల కింద ఉన్నది మా వేరుశనగ చేనే. లీజుకిచ్చి కంచె పడినప్పటి నుంచీ ఆయన అటు తలెత్తి చూడలేదు. బస్సుకు పోవాలన్నా చుట్టుదారే.

గేటులో ఉన్న సెక్యూరిటీ అన్న మా ఊరివాడే.

"నేను గేటు ఇడిసి రాకూడదు పాపా. మిమ్మల్ని లోపలికి ఇడిసేకీ లేదు. సారు వచ్చినంక అడుగుదాం."

నాకు ఒళ్లు మండింది. "మీ సారొచ్చి తాళి కడతాడా ఏందన్నా? ముహూర్తం నెత్తిమీద ఉండాది!"

పాపం, భయపడి పార్కు సారుకు ఫోన్ చేశాడు. ఒక్కరు పోవచ్చట, హెల్మెట్ పెట్టుకుంటేనే. నేను పెట్టుకోబోయాను. పూలజడ మీద అది కూర్చుంటేనా! ఎంత నొక్కినా మల్లెలు నలిగాయే గానీ తల పట్టలేదు. ఏడుపొచ్చింది. నాన్న వైపు చూశాను.

నాన్న తలపాగా విప్పి నా చేతికిచ్చాడు.

"ఆ టోపీ ఇట్ల తేప్పా," అన్నాడు అన్నతో.

పట్టుపంచె, పసుపుపచ్చ హెల్మెట్. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వరసల మధ్య నడిచిపోయిన మనిషి ఎంతకీ రాడు. అటు ఇంట్లో మేళం మొదలైంది. చివరికి చీరను భుజాన వేసుకుని, తీరిగ్గా వచ్చాడు. మొహం తేటగా ఉంది.

"బాగా ఆరిందమ్మా. మన చేనులో ఎండ అట్లే ఉండాది."

అంచున ప్యానెల్ మీది దుమ్ము చార పడిందని, జాడిస్తానని పిన్ని చీర లాక్కోబోయింది. ససేమిరా అన్నాను. మా చేనులో ఆరిన ఆ చీరనే, ఆ చారతోనే కట్టుకుని పీటల మీద కూర్చున్నాను.