‘గిట్ల’ అనడం మానేసిన సార్

సార్ పోయారన్న కబురు నాకు ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్‌లో, ఆఫీసుకు వెళ్ళే రైలు కోసం నిలబడి ఉండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆయన భార్య. శిష్యులమంతా ఆవిడను ఆంటీ అంటాం. “మీ సార్ ఇగ లేడు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగిండు, కుర్చీల ఒరిగిండు, అంతే” అన్నారు. రైలు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. నేను ఎక్కలేదు. ఎవరో పెద్దాయన నా చేతికర్ర గమనించి, “రైలెక్కాలా అమ్మా?” అని అడిగారు. “లేదండీ, సరూర్‌నగర్ ఆటో ఎక్కించండి” అన్నాను.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. మా సార్ నాకు నేర్పింది ట్రాంపొలీన్. చుట్టూ స్ప్రింగులతో లాగి బిగించిన గుడ్డ మీద ఎగిరి, గాలిలో రకరకాల భంగిమలు చేసి మళ్ళీ దాని మీదే దిగే ఆట అది. ఆ గుడ్డను బెడ్ అంటారు. ఈ రెండు సంగతులూ ఒకే మనిషి జీవితంలో ఎలా కుదిరాయని మీకు సందేహం రావచ్చు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

సార్‌ది నల్గొండ దగ్గర పల్లె. చిన్నప్పుడు వ్యవసాయ బావుల్లోకి పల్టీలు కొడుతూ దూకేవారట. పెద్దయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల మాస్టారుగా చేరారు. సాయంత్రాలు మాత్రం సరూర్‌నగర్ చెరువు వెనక, ఒకప్పుడు గోడౌన్‌గా వాడిన ఎత్తైన రేకుల షెడ్డులో పిల్లలకు ట్రాంపొలీన్ నేర్పేవారు. మాది తెనాలి వైపు. నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవారు. మా తమ్ముణ్ణి ఆ షెడ్డులో చేర్పించాక, అమ్మా నేనూ బల్ల మీద కూర్చుని వాడి కోసం ఎదురుచూసేవాళ్ళం. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. “సార్, ఎగిరేటప్పుడు స్ప్రింగులు కిర్రుమంటాయి. దిగేటప్పుడూ అంతే. మధ్యలో ఏ చప్పుడూ ఉండదు. అప్పుడు వీళ్ళు ఏం చేస్తుంటారు?”

“మస్తు చేస్తరు బిడ్డా. చెప్పుడు కష్టం. ఎక్కుతవా?” అన్నారు.

“అయ్యో, దానికి కనపడదండీ సార్!” అంది అమ్మ.

“స్ప్రింగులకు ఆ సంగతి తెల్వదు గదమ్మా.”

మొదటి రోజు ఎగరనివ్వలేదు. ట్రాంపొలీన్ కింద దూరి పాకమన్నారు. ఇనుప చట్రం చుట్టూ నడిపించి, స్ప్రింగులన్నీ ఒక్కొక్కటీ తడిమించారు. బెడ్ నడుమ గుర్తు గీసి ఉంటుంది. మిగతా పిల్లలు దాన్ని చూసుకుని మధ్యలో ఎగిరేవారు. నా పాదాలకు తెలియాలని ఆ గుర్తు మీద ఆంటీ చేత మందపాటి నాడా కుట్టించారు.

రెండో రోజు చిక్కొచ్చింది. “చేతులు గిట్ల పెట్టు” అన్నారు. “ఎట్లా సార్?” అన్నాను. “గిట్ల... గిట్ల బిడ్డా...” అని ఆగిపోయారు. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. మర్నాడు అందరినీ పిలిచి చెప్పారు: “ఇయ్యాల్టి సంది ఈ షెడ్డుల గిట్ల, గట్ల బంద్. నా నోట్లకెల్లి వస్తే నేను గుంజీలు తీస్త.”

తీశారు. నలభై దాటిన మనిషి, పదేళ్ళ పిల్లలు “సార్, అన్నరు!” అని అరిచినప్పుడల్లా చెవులు పట్టుకుని గుంజీలు తీశారు. పుట్టినప్పటి నుంచి నోట్లో నానిన మాటను నా కోసం నెల రోజుల్లో వదిలేశారు.

ఇక ఆ ఖాళీలో వేరే మాటలు వెతకాలి. టక్, పైక్, స్ట్రాడిల్, సీట్ డ్రాప్, స్వివెల్ హిప్స్ అని ఆటలో అన్నీ ఇంగ్లీషు పేర్లే. వేరే పిల్లలకు చేసి చూపిస్తే సరిపోయేది. నాకు ప్రతి పేరునూ విప్పి చెప్పాల్సి వచ్చేది. “టక్ అంటే మోకాళ్ళు గుండెకు, చేతులు పిక్కల మీద. చలికాలం దుప్పట్ల ముడుసుకుంటవు సూడు, అది.” “పైక్ అంటే మోకాలు వంగొద్దు. నడుము తాన ఒక్కటే మడత. నీ బ్రెయిలీ పుస్తకం మూసినట్టు.” స్వివెల్ హిప్స్ అంటే బెడ్ మీద కూర్చున్నట్టు పడి, లేచి, గాలిలోనే వెనక్కి తిరిగి మళ్ళీ కూర్చోవడం. దాని కోసం గోడ దగ్గర ఒక ఫ్యాను పెట్టారు. “వీపుకు తగిలే గాలి మొహానికి తగిలిందా, తిరిగినవ్. చెంపకే తగిలిందా, సగంల ఉన్నవ్.” ఎంత చెప్పినా నాకు అందనప్పుడు ఆంటీ ఇంటి నుంచి చపాతీ పిండి తెచ్చేవారు. సార్ దానితో బొమ్మ చేసి నా చేతిలో పెడితే, కాళ్ళు బారజాపి గాలిలో తేలే మనిషిని వేళ్ళతో చూసేదాన్ని.

ఇవన్నీ నేల మీద చెప్పుకునే మాటలు. పైన ఉండేది రెండు సెకన్లు కూడా కాదు. అక్కడ ఒక్క మాటే. “టక్!” అంటే ముడుచుకోవాలి, “విప్పు!” అంటే విడిపోవాలి. “మాట లేటయితే దెబ్బ నీకు, తప్పు నాది” అనేవారు. ఇంకొకటి తరచుగా అనేవారు: “పైకి తోసుడు బెడ్ పని. కిందికి గుంజుడు భూమి పని. నడుమ జర్రంత జాగ ఉంటది బిడ్డా, అది నీది.”

రెండేళ్ళు గడిచేసరికి, ముందుకు తిరిగే పల్టీ దాకా వచ్చాను. ఆ సాయంత్రం చెరువుకు వినాయకుల ఊరేగింపులు మొదలయ్యాయి. డప్పులు దగ్గరవుతుంటే సార్ “ఇయ్యాల్టికి చాలు” అన్నారు. ఒక్కటి, ఒకే ఒక్కటి అని నేను బతిమాలాను. “విప్పు” అన్న మాట నాకు వినపడలేదు. ముడుచుకునే ఉండిపోయి చట్రం అంచు మీద పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది.

నాలుగో రోజు సార్ మా ఇంటికి వచ్చారు. నా చేతి కట్టును వేళ్ళతో తడిమి చూశారు.

“మీరు అరిచారు సార్. నేను విన్నాను. ఆ డప్పుల్లో దానికే వినపడలేదు” అంది అమ్మ.

“గదే నా తప్పమ్మా. నా నోరు ఉంటేనే ఆమె ఎగురుతదన్నట్టు చేసిన. ఆర్నెల్లు ఇయ్యండి. నా గొంతు అక్కర లేకుండ చేస్త.”

అమ్మ లోపలికి వెళ్ళి కాఫీ పెట్టి తెచ్చింది. గ్లాసు ఆయన చేతికిస్తూ, “బెడ్ పక్కన నేను నిలబడతాను. అలాగైతేనే” అంది.

నిలబడింది. కొంగు నడుముకు దోపి, చేతులు పైకెత్తి, నేను అంచుకు వస్తే లోపలికి తోయడానికి రోజూ నిలబడింది. సార్ ఒక్కో మాటా తీసేయడం మొదలుపెట్టారు. ముందు, దిగేటప్పుడు అనే “నిల్వు” పోయింది, తర్వాత “టక్”. చిట్టచివర “విప్పు”. అది పోయిన రోజు నేను ఏడ్చాను. కానీ మాటలు ఒక్కొక్కటే తగ్గుతుంటే ఆ చోట్లలో వేరేవి తెలియసాగాయి. ఎగిరే వేగం అయిపోయి పడటం ఇంకా మొదలవని క్షణంలో కడుపులో ఒక తేలిక. తల కిందికి రాగానే జడ బరువు మారడం. ఎగిరాక కూడా సన్నగా మిగిలే స్ప్రింగుల మూలుగు ఏ వైపు నుంచి వస్తోందో అటు నేల ఉందన్న ఎరుక.

ఒక ఆదివారం తల్లిదండ్రులందరినీ పిలిచారు. ఈ ఆటలో వరసగా పది అంశాలు, మధ్యలో ఆగకుండా చేయాలి. ఎక్కే ముందు పది పేర్లూ సార్‌కు అప్పజెప్పాను. ఆయన “ఊఁ” అని దూరంగా జరిగారు. ఆ తర్వాత షెడ్డులో ఒక్క గొంతు లేదు. ఐదు అయ్యాయి. ఆరోది పల్టీ. ముడుచుకున్నాను. నన్ను ఎవరూ పట్టుకోలేదు, పిలవలేదు. ప్రపంచం మొత్తం నా చుట్టూ ఒక్కసారి తిరిగి, నేను విప్పుకోగానే వచ్చి నా పాదాల కింద నిలబడింది. అరికాలికి నాడా తగిలింది. మిగతా నాలుగూ ఎలా చేశానో నాకు గుర్తు లేదు.

ఆగాక చప్పట్లు కూడా రాలేదు. అమ్మ పైకెత్తిన చేతులు దించినట్టు గాజుల చప్పుడు వినపడింది. తర్వాత సార్ గొంతు: “నేను ఒక్క మాట గూడ అనలె. ఒట్టు.”

నేను పోటీలకు వెళ్ళలేదు, పతకాలు తేలేదు. మలక్‌పేటలో ఒక బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాను. ఎవరైనా “అదిగో, అటు” అంటే, “అటు అంటే ఎటండీ?” అని సిగ్గుపడకుండా అడుగుతాను. చెప్పలేకపోవడం వాళ్ళ ఇబ్బందే తప్ప నా లోపం కాదని నాకు సార్ దగ్గరే తెలిసింది.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆంటీ ఒక సంగతి చెప్పారు. నాకు నేర్పిన ఆ మొదటి ఏడాదంతా ఆయన తెల్లారగానే షెడ్డుకు వెళ్ళి, కళ్ళకు దస్తీ కట్టుకుని ఒక్కరే ఎగిరేవారట. పడేవారట. “మోచేతులు దోక్కపోయి వస్తుండె. ఏమైందంటే, ఆ పోరికి ఏం చెప్పాల్నో ఎతుకుతున్న అంటుండె.”

ఇద్దరం షెడ్డుకు వెళ్ళాం. “ఇన్నేండ్ల సంది దీని కింద ఊడ్చిన బిడ్డా. మీద ఒక్కనాడు కాలు పెట్టలె” అన్నారు ఆంటీ.

“ఎక్కుతారా?” అన్నాను.

చెప్పులు విడిచిన చప్పుడైంది. చెయ్యందించి నడుమకు తీసుకెళ్ళాను. కొంచెం దూరంగానే నిలబడ్డాం. కానీ ఇద్దరి బరువుకూ బెడ్ మెల్లగా లోతుకు దిగి, మా కాళ్ళను ఒకచోటికి జార్చింది. ఆంటీ భుజం వచ్చి నా భుజానికి ఆనింది. ఇద్దరం ఎగరలేదు, కదల్లేదు. ఊపిరి తీసినప్పుడల్లా కింద బెడ్ కాస్త పైకి లేచి దిగుతోంది.